కాలువ వైపు గోలు దగ్గర ఆర్నల్డ్

మా హాలోషాలో చచ్చిపోయిన మనిషి ఒకడు ఆరు సీజన్ల పాటు గోలు కాశాడు. జీతం అడగలేదు. గాయమైందని చెప్పి ఒక్క శనివారం కూడా మానలేదు. రిఫరీని తిట్టి పసుపు కార్డు తెచ్చుకోలేదు. హాలోషా టౌన్ ఫుట్‌బాల్ క్లబ్బు పుట్టాక అంత నమ్మకమైన గోలీ మాకు దొరకలేదు.

ఇప్పుడు కొంచెం వెనక్కి తగ్గుతాను. నాకు చదువు చెప్పిన కాన్వెంటు సిస్టర్లు అబద్ధానికి చెంచాడు ఆముదం పట్టేవారు. ఆ రుచి ఈ వయసులోనూ నాలుక మీదే ఉంది. గోలు కాశాడంటే చేతులు చాచి దూకాడని కాదు. అప్పటికి అతను బూడిద, దూకడానికి చేతులెక్కడివి? కానీ కాలువ వైపు గోలు గీత దాకా వచ్చిన బంతి అక్కడ ఒక్క క్షణం ఆగి, వెళ్ళనా వద్దా అని ఆలోచించుకునేది. నేను కళ్ళారా చూశాను. బురద వల్ల అనేవాళ్ళూ ఉన్నారు. బురద ఉండే మాటా నిజమే.

ఆ బూడిద పేరు ఆర్నల్డ్ క్లెగ్. నేను చెప్పబోయేది మాత్రం అతని భార్య మ్యూరియెల్ గురించి.

మ్యూరియెల్ క్లబ్బులో ఆటగాళ్ళ బట్టలు ఉతికేది. టానరీ లేన్ మైదానంలో స్టాండు కింద కిటికీ లేని ఒక గది, అందులో దడదడలాడే మెషీన్లు రెండు, ఒక కెటిల్, ఒక పాత రేడియో. పెళ్ళైన కొత్తలో ఆ గదిలో అడుగుపెట్టింది, తల నెరిసినా బయటికి రాలేదు. మేనేజర్లు వచ్చేవారు, పోయేవారు. వచ్చిన ప్రతివాడూ ముందు ఆమె గది తలుపు తట్టి టీ తాగి, ఆ తర్వాతే ఆటగాళ్ళతో మాట్లాడేవాడు.

ఆమెకో నియమం ఉండేది. ఆటగాడు చొక్కా ఎలా విప్పి పారేస్తే అలాగే ఉతికి, అలాగే ఆరేసి, అలాగే మడతపెట్టి ఇచ్చేది. తిరగేసి విప్పినవాడికి తిరగేసిన చొక్కానే దక్కేది. పెద్ద జీతం మీద తెచ్చిన ఫార్వర్డ్ ఒకడు, మైదానంలోకి పరుగెత్తుకొచ్చి, వీపు మీద తన పేరు లేదని ఊరంతా చూస్తుండగా అక్కడే చొక్కా విప్పి తిరగేసుకున్నాడు. ఆ చలిలో. ఆ తర్వాత వాడు చొక్కా విప్పే తీరు చూస్తే, పెళ్ళికూతురు ముసుగు తీస్తున్నంత జాగ్రత్త.

ఆమె ఆట చూసేది కాదు. ఆర్నల్డ్ చూసేవాడు. వారమంతా బస్సు నడిపి, శనివారం కాలువ వైపు గోలు వెనక మెట్ల మీద నిలబడి, మా గోలీలందరికీ ఉచితంగా శిక్షణ ఇచ్చేవాడు. "ఎడమకి రారా. ఎడమంటే ఫోర్కు పట్టుకునే చెయ్యి." ఇలా సాగేది ఆ శిక్షణ. ఆ మూడు కర్రల మధ్య తనని నిలబెడితే హాలోషా ఏనాడో పై డివిజన్‌కి వెళ్ళేదని అతని గట్టి నమ్మకం. బతికుండగా ఎవరూ నిలబెట్టలేదు. పోయే ముందు ఆసుపత్రిలో, తన బూడిదని అక్కడే, గోలు ముందే, కచ్చితంగా గీత మీదే చల్లమని అడిగాడు.

మా వైపు ఇది వింతేమీ కాదు. పోయినవాళ్ళని దహనం చేశాక ఏదో ఒక బుధవారం పొద్దున, ఆట లేనప్పుడు, డబ్బాతో వచ్చి మైదానం అంచున గోడ వెంబడి గులాబీల దగ్గర చల్లుతారు. పాదిరి గారు రెండు మాటలు చెబుతారు. తర్వాత అందరం పై అనే మాంసం కూరిన రొట్టె తిని, టీ తాగి వెళ్ళిపోతాం. అయితే క్లబ్బు నియమం ప్రకారం గడ్డి మీద చల్లకూడదు, గోడ పక్కనే. ఆర్నల్డ్‌కి గోడ పక్క పనికిరాదు. అందుకని మ్యూరియెల్ ఛైర్మన్ దగ్గరికి వెళ్ళింది.

ఛైర్మన్ నైజెల్ ఓగ్డెన్. జంట అద్దాల కిటికీలు బిగించే వ్యాపారంలో బాగా సంపాదించి క్లబ్బు కొన్నాడు. అంతకుముందు మా పిల్లల జట్టులో ఆడినవాడే. వాళ్ళమ్మకి బేకరీలో రాత్రి పని, అందుకని ఆట అయ్యాక వాడు ఇంటికెళ్ళకుండా మ్యూరియెల్ గదిలో వేడి మెషీను పక్కన కూర్చుని ఆమె ఇచ్చిన రొట్టెముక్క తినేవాడు. ఆమెని ఆంటీ అని పిలిచేవాడు. సూటు వేసుకునే రోజులొచ్చినా ఆ పిలుపు మానలేదు.

ఆర్నల్డ్ కోసమని అడగ్గానే ఒప్పుకున్నాడు. చల్లే రోజున తానే వచ్చాడు. సన్నగా జల్లు పడుతోంది. గీత మీద బూడిద పడుతుంటే వాడి కళ్ళల్లోంచి నీళ్ళు కారడం నేను చూశాను.

"నేనున్నంత కాలం ఆర్నల్డ్ అంకుల్ మీద ఎవ్వడూ ఒక్క ఇటుక పెట్టడు ఆంటీ," అన్నాడు. "ఈ గోలు ఎక్కడికీ పోదు."

ఆమె వాడి టై సరిచేసి, జలుబు చేస్తుంది లోపలికి పద అంది. ఆ మాట ఆమెకి ఎంత అపురూపమో అప్పుడు మాలో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత ప్రతి శనివారం ఆట మొదలయ్యే ముందు గదిలోంచి బయటికి వచ్చి, గీత దగ్గర నిలబడి, ఆ వారం సంగతులు రెండు ముక్కల్లో చెప్పి వెళ్ళేది. అక్కడ వామప్ చేసే గోలీలు పక్కకి తప్పుకునేవారు.

తర్వాత పన్నుల గొడవ వచ్చింది. సంగతి చాలా మామూలు. క్లబ్బు జీతాలిచ్చేటప్పుడు అందులోంచి పన్ను కోసి, ఆ కోసింది పన్నుల శాఖకి కట్టాలి. మా క్లబ్బు కోసింది, కట్టలేదు. దాంతో ఫార్వర్డ్‌ని కొన్నది, ఇందాక చెప్పిన తిరగేసిన చొక్కావాడినే. పన్నుల శాఖ ఓపిక పట్టి పట్టి, ఈ క్లబ్బుని మూసెయ్యండని లండన్ కోర్టులో అర్జీ పెట్టింది.

నైజెల్ ఆ వారమే ఆమె గదికి వచ్చాడు. పన్ను బాకీకి చందా అడగడానికి చర్చి పారిష్ హాల్లో అభిమానుల సమావేశం పెట్టాం, నేను చెబితే నమ్మరు, నువ్వు చెబితే నమ్ముతారు, అన్నాడు. క్లబ్బు పోతే మైదానం పోతుందని, మైదానం పోతే ఆర్నల్డ్ అంకుల్ సంగతి ఏమిటని కూడా అన్నాడు. ఆ రెండో మాట అనాల్సిన అవసరం లేదు. అయినా అన్నాడు.

మ్యూరియెల్ జీవితంలో అంతకుముందు వేదిక ఎక్కలేదు. ఆ రోజు ఎక్కింది, ఏప్రన్ కూడా విప్పకుండా. హాలు కిక్కిరిసి ఉంది, సగంమంది నైజెల్‌ని తిడుతున్నారు. ఆమె అందరూ సద్దుమణిగేదాకా ఊరుకుంది.

"వీడి నిక్కర్లు నేనుతికాను," అంది. "వీడికెంత మురికి అంటుతుందో నాకు తెలుసు. ఉతికితే పోయేదే. వీడి మొహం చూసి డబ్బు వెయ్యద్దు. నా మొహం చూసి వెయ్యండి."

ఆమె బకెట్లే హాల్లో తిరిగాయి. ఊరు వేసింది. పెన్షన్లు వేశారు, సెలవులకి సముద్రం దగ్గరికి వెళ్ళడానికి దాచుకున్నవి వేశారు. నేను కొత్త పళ్ళ సెట్టు కోసం దాచుకున్నది వేశాను. అందుకే ఇప్పటికీ మాంసం రొట్టె గట్టి అంచు పక్కన పెట్టి లోపలి మాంసం మాత్రమే తింటాను. నాలుగు వారాలు శనివారం గేటు దగ్గర ఆమే నిలబడి బకెట్టు పట్టుకుంది. డబ్బు కట్టారు, అర్జీ కొట్టేశారు, నైజెల్‌ని భుజాల మీద ఎక్కించుకుని మైదానం చుట్టూ తిప్పాం. ఎడమ కాలు పట్టుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఏడాది తిరిగి మళ్ళీ ఆకులు రాలే వేళకి ఇంకో అర్జీ. ఈసారి నైజెల్ గదికి రాలేదు. పారిష్ హాలు తెరవలేదు. కోర్టులో గుడ్డు ఉడికేంత సేపు కూడా పట్టలేదట. హాలోషా టౌన్ మూతపడింది.

కోర్టు పంపిన అధికారి ఒకాయన వచ్చాడు. మర్యాదస్తుడు, గుమ్మం దగ్గర బూట్లు తుడుచుకునే రకం. క్లబ్బు ఆస్తులన్నీ అమ్మి బాకీలు తీర్చాలి గనక ఏమున్నాయో రాసుకుంటున్నాడు. గడ్డి కోసే యంత్రం, గోలు కర్రలు, వలలు, బట్టలుతికే మెషీన్లు రెండు. మ్యూరియెల్ ఆయనకి టీ ఇచ్చి, మైదానం ఎవరికి అమ్ముతారు, కొనేవాళ్ళకి ముందుగా ఒక సంగతి చెప్పాలి, అంది.

ఆయన కప్పు కింద పెట్టాడు. మైదానం క్లబ్బుది కాదన్నాడు. చాలా కాలం క్రితమే నైజెల్ ఓగ్డెన్ తన ఇంకో కంపెనీ పేర మార్చుకున్నాడనీ, క్లబ్బు అద్దెకుంటోందనీ చెప్పాడు. మ్యూరియెల్ తన సొంత జీతం సంగతి కూడా అడిగింది. ఆమె దగ్గర కోసిన పన్ను కూడా అసలు చోటికి చేరలేదట. దాన్ని ఆమె పక్కన పెట్టేసింది. మైదానం మాట మాత్రం రెండోసారి చెప్పించుకుంది.

మా ఊరు ఊరంతా చేసిన తప్పు ఇదే. క్లబ్బంటే మైదానం, మైదానమంటే క్లబ్బు అనుకున్నాం. చొక్కా రంగు, మెట్లు, కాలువ మీదుగా వచ్చే గాలి, అన్నీ కలిసి ఒకటే వస్తువనుకున్నాం. ఆ నేల ఎవరి పేర ఉందని ఒక్కడూ అడగలేదు. అమ్మమ్మ ఇంటికి భోజనానికి వెళ్ళి, ఈ ఇల్లు ఎవరి పేర ఉందని అడుగుతామా? మూసెయ్యమని కోర్టు చెప్పింది చొక్కాల్ని మాత్రమే. నేల అప్పటికే తప్పుకుంది. మేము బకెట్లు పట్టింది ఖాళీ చొక్కాల కోసం.

మర్నాడు మ్యూరియెల్ నైజెల్ కిటికీల షోరూముకి వెళ్ళింది. బస్సులో నేనూ వెంట వెళ్ళాను. అక్కడ ఎటు చూసినా గోడలు లేని కిటికీలు. వాటి మధ్య బల్ల దగ్గర నైజెల్.

"కూర్చో ఆంటీ. టీ తెప్పిస్తాను."

"నీకు టీ పోసినదాన్ని నేను. నాకు తెప్పించక్కర్లేదు. స్థలం ఎప్పుడు మార్చావ్?"

అదంతా లాయర్లు చూసే వ్యవహారమని, క్లబ్బుని కాపాడటానికే అలా చెయ్యాల్సి వచ్చిందని, బ్యాంకులవాళ్ళే సలహా ఇచ్చారని ఏదో చెప్పుకుంటూ పోయాడు. ఆమె అంతా విన్నది.

"ఆర్నల్డ్‌ని చల్లిన రోజుకి మార్చేశావా, లేదా?"

నైజెల్ తన కిటికీల్లో ఒకదాన్ని చూశాడు. దాని అవతల ఇంకో కిటికీ తప్ప ఏమీ లేదు.

"మార్చేశాను."

"మరి ఏడ్చావెందుకురా?"

"ఏడుపు నిజమే ఆంటీ. అది వేరు, ఇది వేరు."

వాడు అబద్ధమాడాడని నేననుకోను. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. వాడు మళ్ళీ ఆమె వైపు తిరిగి, సోఫాల గోదాము వాళ్ళు స్థలం తీసుకుంటున్నారని, యంత్రాలు వచ్చే వారం దిగుతాయని, ఈలోపు ఆమె వెళ్ళి గోలు ముందు మట్టి ఒక బకెట్టు నింపుకోవచ్చని, కాపలావాడికి తాను చెబుతానని అన్నాడు.

"నీ కోసం ఊరందరి ముందూ బకెట్టు పట్టాను," అంది మ్యూరియెల్. "మళ్ళీ నా చేతికి బకెట్టే ఇస్తున్నావ్."

లేచి వచ్చేసింది. తలుపు నెమ్మదిగానే వేసింది.

తిరుగు బస్సులో మా వీధి ఆమె ఒకతె, పారిష్ హాల్లో పెన్షన్ వేసినామె, మ్యూరియెల్‌ని చూసి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. మ్యూరియెల్ కూడా చూసింది. ఆ రోజు ఆమెని అన్నిటికన్నా గట్టిగా తాకింది అదేనేమో. అయినా నాతో ఒకటే అంది. మట్టి తెచ్చుకుంటాను, వాడిచ్చిన అనుమతి మీద కాదు, కంచె సందులోంచి.

అలాగే వెళ్ళాం. పొద్దున్నే, వాన కాని వానలో, ఆమె, నేను, లెన్ బర్ట్‌విజిల్. లెన్ మా మైదానం మాలి. గడ్డిని పసిబిడ్డలా సాకినవాడు, ఆర్నల్డ్‌కి చిన్ననాటి స్నేహితుడు. ఆ రోజు వాడు పార తెచ్చాడు గానీ దాన్ని కర్రలా పట్టుకుని నిలబడ్డాడే తప్ప మట్టిలో దించలేదు. మ్యూరియెల్ లాక్కుంది. గోలు కర్రలు అప్పటికే అమ్ముడుపోయాయి. అవి నిలిచిన గుంటలు రెండు మాత్రం మిగిలాయి. ఆ గుంటల మధ్య కొలుచుకుని తవ్వడం మొదలెట్టింది. రెండు పెళ్ళలు లేచాయి. మూడోదానికి లెన్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"తవ్వకు మ్యూరియెల్. అందులో లేడు."

ఆమె పార మీద చెయ్యి తియ్యలేదు. లేకపోవడమేంటి, అని అడిగింది.

లెన్ నేల చూపులు చూస్తూ చెప్పాడు. మైదానంలో ఎక్కువగా అరిగిపోయేది గోలు ముందు నేలే. సీజన్ అయిపోగానే ప్రతి మే నెలలో అక్కడి పై మట్టి గీకి తీసేసి, కొత్త గడ్డి పలకలు పరుస్తాడు. ఏ మైదానంలోనైనా అంతే చేస్తారు. ఆర్నల్డ్‌ని చల్లిన ఏడాదీ అలాగే చేశాడు. చెయ్యకపోతే అక్కడ గడ్డి మొలవదు. అంటే ఆర్నల్డ్ అక్కడున్నది ఒక్క సీజనే. ఆ లెక్కన మిగతా అయిదు సీజన్లూ గోలు కాసింది ఎవరో నాకు తెలియదు.

"గీకిన మట్టి ఏం చేశావ్?"

"పారెయ్యలేదు. ఆర్నల్డ్ కదా. పారెయ్యబుద్ధి కాలేదు."

"ఏం చేశావ్ లెన్?"

"నా కూరమడికి తీసుకెళ్ళాను. లీకుల్లో వేశాను."

లీకులంటే మావాళ్ళకి ప్రాణం. ఉల్లికాడని మణికట్టంత లావు చేసినట్టుంటాయి, పోటీలు పెట్టి బహుమతులిస్తారు. లెన్ ఆ శరదృతువు మొదటి బహుమతి కొట్టాడు. ఆ తర్వాతా కొట్టాడు. ప్రతి ఏడూ కోత కాగానే తెల్లగా కడిగిన రెండు లీకులు కాగితంలో చుట్టి మ్యూరియెల్ గుమ్మంలో పెట్టేవాడు. ఆమె వాటితో సూప్ కాచేది. ఆ సూప్ నేనూ తాగాను. బాగుంటుంది.

ఆమె ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి కలుపుకుంటూ ఉండటం ఆమె మొహంలో కనిపించింది. నేను ఏదో ఒక హాస్యం ఆడబోయాను. అదృష్టం కొద్దీ నోట్లోనే ఆగిపోయింది.

"శనివారం శనివారం అక్కడ నిలబడి మాట్లాడేదాన్ని," అంది చివరికి. "నువ్వు గడ్డి కోసుకుంటూ చూసేవాడివి."

"చెబుదామనే అనుకున్నాను."

"నైజెల్ నా చేత ఊరికి హామీ ఇప్పించాడు. నువ్వు నా చేత వండించావు. వాడే నయం లెన్. వాడు నా వాడు కాదని ఇప్పుడు తెలిసింది. నువ్వు నా వాడివే అయి ఉండి."

లెన్ ఏడ్చాడు. ఆమె ఆ ఏడుపుని నమ్మిందో లేదో నాకు తెలియదు. ఏడుపుల మీద ఆమెకి ఆ వారం గురి పోయింది. చెయ్యి చాచి, కూరమడి గేటు తాళంచెవి ఇమ్మంది. ఇచ్చాడు. పార కూడా తీసుకుని, తవ్విన రెండు పెళ్ళల్నీ మళ్ళీ గుంటలో సర్ది, బూటుతో తొక్కి, కంచె సందులోంచి బయటికొచ్చి నేరుగా రైల్వే గట్టు పక్కనున్న కూరమడికి నడిచింది. మేమిద్దరం వెనకాల కొంత దూరంలో.

మడిలో లీకులు వరసగా నిటారుగా ఉన్నాయి, పోటీకి సిద్ధంగా. ఆ ఏడు ఒక్కటి కూడా పీకనివ్వలేదు. లెన్ పోటీకి వెళ్ళలేదు. చలికాలమంతా వాటిని అలాగే వదిలేస్తే, వచ్చిన వేసవికి ఒక్కో కాడ మనిషి ఎత్తు లేచి, పైన పసిపాప తలంత గుండ్రటి పూలు పూసింది. రైలు కిటికీల్లోంచి జనం చూసేవాళ్ళు. మ్యూరియెల్ ఒక మడత కుర్చీ తెచ్చుకుని వాటి పక్కన కూర్చునేది. లెన్‌ని గేటు దాటనివ్వడానికి ఆమెకి ఆ పూలు రాలేదాకా పట్టింది. దాటాక కూడా, బంగాళాదుంపల వైపే.

టానరీ లేన్‌లో ఇప్పుడు సోఫాలున్నాయి. ఊళ్ళోవాళ్ళం కలిసి కొత్త క్లబ్బు ఒకటి పెట్టుకున్నాం. బడి వెనక పొలంలో ఆడతారు, గెలిచిన సందర్భాలు తక్కువే. బట్టలుతకడానికి మ్యూరియెల్‌నే అడిగాం. ఉతుకుతాను గానీ ఎవరి గురించీ ఎవరికీ ఏమీ చెప్పను, నన్ను మీటింగులకి పిలవకండి, అంది. కొత్త ఛైర్మన్ మంచివాడు, బడిపంతులు. ఒకసారి ఆమె గదికి వెళ్ళి నన్ను పేరు పెట్టి పిలువు అన్నాడట. ఆమె ఈనాటికీ మిస్టర్ అనే పిలుస్తుంది, గది బయట నిలబెట్టే మాట్లాడుతుంది. టీ ఇవ్వదు.

ఇంత రాశాక, అచ్చుకిచ్చే ముందు ఆమెకి వినిపించడం ధర్మమనిపించి మొన్న వెళ్ళి చదివాను. చొక్కాలు మడతపెడుతూ విన్నది. మధ్యలో ఎక్కడా ఆపలేదు. అయిపోయాక, ఆఖరి చొక్కా దొంతర మీద పెట్టి నా వైపు చూసింది.

"అన్నీ అబద్ధాలే," అంది. "ఆర్నల్డ్‌కి ఫుట్‌బాల్ అంటేనే పడదు. అతన్ని మోర్‌కంబ్ దగ్గర సముద్రంలో కలిపాం, ఆ రోజు ఎండగా ఉంది. లెన్‌కి కూరమడి ఏదీ లేదు. నేను జన్మలో ఎవరికీ హామీ ఉండలేదు. ఆ నైజెల్ అనేవాడెవడో నాకు తెలీదు."